ఊరు లేని చోటికి రైలు వేసిన కంపెనీ: ఒసాకా హాంక్యూ

ప్రశ్న: వచ్చే నెల ఉద్యోగరీత్యా ఒసాకా వెళ్తున్నాను. అక్కడ హాంక్యూ అనే ప్రైవేటు కంపెనీ రైళ్లు నడుపుతుందనీ, డిపార్ట్‌మెంట్ స్టోరు, నాటకశాల, ఇళ్ల వ్యాపారం కూడా దాని చుట్టూనే పెరిగాయనీ విన్నాను. రైలు కంపెనీకి ఇవన్నీ ఎందుకు? హైదరాబాద్ మెట్రోకి కూడా స్టేషన్ల దగ్గర స్థలాలు, మాల్స్ ఇచ్చారు కదా, అక్కడ ఫలించిన పద్ధతి ఇక్కడ ఎందుకు ఫలించలేదు?

సమాధానం:

రైల్వే సిగ్నలింగ్ పనిలో ఉంటూ పద్నాలుగేళ్లుగా ఒసాకా పరిసరాల్లోనే నివసిస్తున్నాను. అందులో ఎక్కువ కాలం హాంక్యూ సీజన్ టికెట్ మీదే ఆఫీసుకు వెళ్లివచ్చాను కాబట్టి, ఈ కంపెనీ గురించి పుస్తకాల్లో చదివింది కొంత, రోజూ కళ్లతో చూసింది కొంత కలిపి చెబుతాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క చోటే ఉంది: హాంక్యూ మొదటి లైను వేసినప్పుడు ఆ దారిలో ఎక్కడానికి సరిపడా జనం లేరు. జనం లేని చోట రైలు బతకాలంటే ముందు జనాన్ని తీసుకురావాలి. మీరు విన్న ఇళ్లు, నాటకశాల, దుకాణం అన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే.

1906లో జపాన్ ప్రభుత్వం రైల్వేల జాతీయీకరణ చట్టం తెచ్చి, దూర ప్రాంతాలను కలిపే ప్రైవేటు లైన్లను వరుసగా తీసుకుంది. ఒసాకా దగ్గరి నుంచి ఉత్తరాన మైజురు వైపు వెళ్లే హాంకాకు రైల్వే 1907లో ప్రభుత్వపరం అయింది. ఆ కంపెనీ వాటాదారులు చేతికి వచ్చే సొమ్ముతో కొత్తగా ఒక విద్యుత్ ట్రాం కంపెనీ పెట్టాలనుకున్నారు. ఒసాకాలోని ఉమెదా నుంచి కొండల అంచున ఉన్న మినో జలపాతానికీ, వేడి నీటి బుగ్గలున్న తకరజుకా, అరిమా ఊళ్లకూ లైను వేయాలన్నది ఆలోచన. అందుకే దానికి మినో అరిమా విద్యుత్ ట్రామ్‌వే అని పేరు పెట్టారు. ట్రాం చట్టం కింద అనుమతి తీసుకోవడంలో కిటుకు ఉంది: రైల్వే చట్టం కిందైతే ప్రభుత్వ లైనుకు పోటీగా ఉండే మార్గానికి అనుమతి దొరకడం కష్టం, ట్రాంకు అంత పట్టింపు లేదు. కాగితం మీద అది ట్రాం, నేల మీద మాత్రం చాలా భాగం సొంత స్థలంలో పరుగెత్తే రైలే. హాన్షిన్ అనే కంపెనీ 1905లోనే ఒసాకా, కోబే నగరాల మధ్య ఇదే దారిలో లైను వేసి చూపించింది. జపాన్ ప్రభుత్వ రైల్వే ఇరుకైన 1,067 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద నడుస్తుండగా, హాన్షిన్, హాంక్యూ వంటి కంపెనీలు నేటికీ 1,435 మిల్లీమీటర్ల గేజ్ మీద నడవడానికి మూలం ఈ ట్రాం పుట్టుకలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే 1907 ఆర్థిక సంక్షోభం వచ్చిపడి, కొత్త కంపెనీ వాటాల్లో దాదాపు సగం కొనే దిక్కు లేకుండా మిగిలిపోయాయి. ఈ సమయంలో రంగంలోకి వచ్చినవాడు కొబయాషి ఇచిజో. 1873లో యమనాషి ప్రాంతంలోని నిరాసాకిలో పుట్టి, కెయో విద్యాలయంలో చదివి, మిత్సుయి బ్యాంకులో పద్నాలుగేళ్లు పని చేసిన మనిషి. కితాహామా బ్యాంకు అధిపతి ఇవాషితా ఒసాకాలో పెట్టబోయే షేర్ల కంపెనీని చూసుకోమని పిలిస్తే, ఉన్న ఉద్యోగం వదిలి భార్యాపిల్లలతో వచ్చాడు. వచ్చేసరికి మార్కెట్ కుప్పకూలింది, ఆ కంపెనీ పుట్టనే లేదు. ముప్ఫై నాలుగేళ్ల వయసులో పని లేకుండా మిగిలిన మనిషి, ఎవరికీ పట్టని ఈ ట్రాం కంపెనీ బాధ్యత నెత్తిన వేసుకున్నాడు.

వేయబోయే లైను వెంట ఆయన ఇకెదా ఊరి దాకా కాలినడకన వెళ్లి చూశాడు. అటూ ఇటూ పొలాలు, వెదురు తోపులు, దూరదూరంగా పల్లెలు. అప్పటి ఒసాకా నూలు మిల్లుల నగరం. తూర్పు దేశపు మాంచెస్టర్ అని పేరు, ఆ పేరుకు తగ్గ పొగ. అద్దె ఇళ్లలో ఇరుక్కుని జీతం మీద బతికే కొత్త మధ్యతరగతి అక్కడ పెరుగుతోంది. చవకగా దొరికే ఈ భూమిని లైను రాకముందే కంపెనీయే కొనేసి, ఇళ్లు కట్టి, పొగలో బతుకుతున్న వాళ్లకు అమ్మితే ఒకే దెబ్బకు రెండు లాభాలు: భూమి ధర పెరుగుదల కంపెనీకి వస్తుంది, ఇల్లు కొన్న మనిషి రేపటి నుంచి ప్రతి రోజూ టికెట్టు కొంటాడు. ఆ తర్వాత వందేళ్ల చరిత్రంతా ఈ లెక్క మీదే నిలబడింది.

1908లోనే, అంటే పట్టాలు పడకముందే, ఇది ఎంతో భవిష్యత్తున్న రైలు అని చాటే చిన్న పుస్తకం అచ్చువేసి పది వేల ప్రతులు పంచాడు. ఖర్చెంత, రాబడెంత, లాభమెంత అన్నది ప్రశ్నలు, జవాబుల రూపంలో అందులో రాశాడు. కంపెనీ లెక్కలు ఇలా జనం ముందు పరచడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. మరుసటి ఏడాది ఇంకో కరపత్రంలో, ఒకప్పటి అందమైన నీటి నగరం కలలా కరిగిపోయి, పొగ కమ్మిన ఊరిలో బతకాల్సి వచ్చిన ఒసాకా వాసుల మీద జాలి చూపిస్తూ, ఎలాంటి నేల ఎంచుకోవాలో, ఎలాంటి ఇంట్లో ఉండాలో వివరించాడు.

1910 మార్చి 10న ఉమెదా నుంచి తకరజుకాకు, మధ్యలోని ఇషిబాషి నుంచి మినోకు రైళ్లు మొదలయ్యాయి. అదే ఏడాది ఇకెదా స్టేషన్ పక్కన మురోమాచి అనే కాలనీలో ఇళ్ల అమ్మకం జరిగింది. సుమారు రెండు వందల ఇళ్లు, ఒక్కో స్థలం వంద త్సుబోలు, మన లెక్కలో దాదాపు నాలుగు వందల గజాలు. రెండంతస్తుల చెక్క ఇల్లు, తోట, కరెంటు దీపం. ఆ కరెంటు కూడా రైలు కంపెనీదే. ధర సుమారు 2,500 యెన్లు. ఐదో వంతు ముందుగా కట్టి, మిగతాది నెలకు 24 యెన్ల చొప్పున పదేళ్లు కడితే ఇల్లు సొంతం. ఈ వాయిదాల పద్ధతి మనకిప్పుడు కొత్తగా అనిపించదు కానీ, ఆస్తి లేని జీతగాడికి సొంత ఇల్లు అందే దారి అప్పటి జపాన్‌లో దాదాపు లేదు. ఇళ్లు చప్పున అమ్ముడుపోయాయి. ఆ తర్వాత సాకురాయి, తోయొనాకా, ఇలా లైను వెంట ఒకదాని తర్వాత ఒకటి కాలనీలు వెలిశాయి.

అయితే కాలనీలతో ఒక చిక్కుంది. రైలు ఆపరేషన్లలో పని చేసేవారికి ఇది రోజూ ఎదురయ్యే సమస్యే. శివారు నివాసాలు ఇచ్చే ప్రయాణికులు పొద్దున నగరంలోకి వస్తారు, సాయంత్రం తిరిగి వెళ్తారు. మరి పొద్దున నగరం నుంచి వెనక్కి వెళ్లే బండి? మధ్యాహ్నం బండి? ఆదివారం బండి? పట్టాలు, బళ్లు, సిబ్బంది అన్నీ ఉంటాయి, ఎక్కేవాళ్లే ఉండరు. ఎదురు దిశలో కూడా జనం కదలాలంటే లైను రెండో కొసన ఏదో ఒక ఆకర్షణ ఉండాలి. అందుకే 1910లోనే మినోలో జంతు ప్రదర్శనశాల పెట్టారు. అది నిలదొక్కుకోలేక కొన్నేళ్లకే మూతపడింది. 1911లో తకరజుకాలో కొత్త స్నానశాల కట్టారు, అది జనాన్ని లాగింది. మరుసటి ఏడాది దాని పక్కన పెట్టిన లోపలి ఈతకొలను మాత్రం పూర్తిగా విఫలమైంది. నీళ్లు వేడి చేసే ఏర్పాటు లేదు, ఆడా మగా కలిసి ఈదడానికి అధికారులు ఒప్పుకోలేదు. ఖాళీగా పడి ఉన్న ఆ కొలను మీద పలకలు పరిచి ప్రేక్షకుల స్థలంగా, బట్టలు మార్చుకునే గదుల వైపు వేదికగా మార్చి, చిన్న వయసు అమ్మాయిలతో ఒక గాయక బృందాన్ని తయారుచేసి, 1914 ఏప్రిల్ 1న మొదటి ప్రదర్శన ఇప్పించారు. అదే తకరజుకా నాటక బృందం. మగ పాత్రలు కూడా ఆడవాళ్లే వేసే ఆ బృందానికి నేడు జపాన్ అంతటా అభిమానులున్నారు. రైలుకు ఆదివారం ప్రయాణికులు కావాలన్న ఆత్రంలోంచి, విఫలమైన ఒక ఈతకొలనులోంచి ఇంత పెద్ద కళాసంస్థ పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. జపాన్ ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ పోటీలు కూడా ఇలా మొదలైనవే. 1915 ఆగస్టులో మొట్టమొదటి పోటీ జరిగింది ఈ కంపెనీ కట్టిన తోయొనాకా మైదానంలోనే.

అసలు మలుపు కోబే లైను. 1918లో కంపెనీ తన పేరును హాన్షిన్ క్యూకో, అంటే ఒసాకా–కోబే వేగ రైలు, అని మార్చుకుంది. ఆ పేరును కుదిస్తే వచ్చిందే హాంక్యూ. 1920 జులై 16న కోబే లైను తెరిచారు. అప్పటికే ఆ రెండు నగరాల మధ్య ప్రభుత్వ రైల్వే ఉంది, సముద్రం పక్కగా పాత ఊళ్లన్నిటినీ తడుముతూ వెళ్లే హాన్షిన్ ఉంది. హాంక్యూ తన లైనును కొండ వైపు, ఊళ్లు లేని చోటు నుంచి తిన్నగా వేసింది. ఊళ్లు లేవు కాబట్టి వంకరలు లేవు, స్టేషన్లు తక్కువ, వేగం ఎక్కువ. అప్పటి పత్రికా ప్రకటన చాలా ప్రసిద్ధం: బండి శుభ్రంగా ఉంటుంది, త్వరగా వెళ్తుంది, ఖాళీగా ఉంటుంది, కిటికీలోంచి చూడ్డానికి బాగుంటుంది, చల్లగా ఉంటుంది. ఎక్కేవాళ్లు లేరన్న లోపాన్ని దాచుకోకుండా, హాయిగా కూర్చుని వెళ్లవచ్చని దాన్నే గొప్పగా చెప్పుకున్నారు.

ఈ లైనులో ఎదురు దిశ సమస్యను ఇంకా తెలివిగా పరిష్కరించారు. కోబేలో ఉన్న క్వాన్సెయ్ గాకుయిన్ విద్యాసంస్థకు స్థలం చాలక ఇబ్బంది పడుతుంటే, హాంక్యూ దాని పాత ప్రాంగణాన్ని కొని, నిషినోమియా కొండ దిగువన విశాలమైన స్థలం సమకూర్చింది. 1929లో ఆ సంస్థ అక్కడికి మారింది, 1933లో కోబే మహిళా కళాశాల కూడా ఆ పక్కకే వచ్చింది. ఉద్యోగులు నగరంలోకి వచ్చే వేళకే విద్యార్థులు నగరం నుంచి బయటికి వెళ్తారు. అవే బళ్లు, అదే సిబ్బంది. రెండు వైపులా టికెట్లు. పొద్దున ఎనిమిదింటికి నిషినోమియా కితాగుచి స్టేషన్‌లో నిలబడి చూస్తే ఆ లెక్క ఈనాటికీ పని చేస్తూ కనిపిస్తుంది.

ఇక ఉమెదాలోని డిపార్ట్‌మెంట్ స్టోరు సంగతి. ఆ రోజుల్లో ఒసాకా పెద్ద దుకాణాలన్నీ పాత బట్టల వర్తకుల నుంచి పెరిగినవి, నగరం నడిబొడ్డున ఉండేవి. కొనేవాళ్లను రప్పించడానికి చాలా ఖర్చు పెట్టేవి. మన స్టేషన్‌కు జనం ఎలాగూ రోజూ వస్తున్నారు కదా, వాళ్లు ఇంటికి వెళ్తూ కొనుక్కునేలా దుకాణం ఇక్కడే ఎందుకు పెట్టకూడదు అని కొబయాషి ఆలోచించాడు. ముందు ఒక పేరున్న దుకాణానికి కింది అంతస్తు అద్దెకిచ్చి అమ్మకాలు గమనించాడు, తర్వాత సొంతంగా చిన్న బజారు నడిపి చూశాడు, చివరికి 1929 ఏప్రిల్‌లో నేల పైన ఎనిమిది అంతస్తుల భవనంలో హాంక్యూ డిపార్ట్‌మెంట్ స్టోరు తెరిచాడు. రైలు కంపెనీ తన చివరి స్టేషన్‌లో నేరుగా నడిపిన తొలి డిపార్ట్‌మెంట్ స్టోరు ఇదేనని చెబుతారు. 1947లో దుకాణం వేరే కంపెనీగా విడిపోయింది, అయినా అనుబంధం తెగలేదు.

ఆ భవనం పై అంతస్తుల్లోని భోజనశాలలో కూర అన్నం బాగా అమ్ముడుపోయేది. తెరిచిన కొద్ది నెలలకే ప్రపంచ మాంద్యం వచ్చింది. జేబులో డబ్బుల్లేని కుర్ర ఉద్యోగులు ఐదు సెన్లకు (యెన్‌లో వందో వంతు సెన్) ఉత్త అన్నం మాత్రమే తెప్పించుకుని, బల్ల మీద ఊరికే ఉండే సాస్ పోసుకుని తినేసి వెళ్లడం మొదలుపెట్టారు. మిగతా హోటళ్లు ఇలాంటివాళ్లను వద్దన్నాయి. హాంక్యూ వడ్డించేవాళ్లు కూడా విసుక్కున్నారు. కొబయాషి మాత్రం ఉత్త అన్నం తినేవారికి స్వాగతం అని బోర్డు పెట్టించి, పక్కన ఊరగాయ కూడా వేయించాడు. ఈరోజు వాళ్లు పేదవాళ్లే, రేపు పెళ్లి చేసుకుని పిల్లలతో మళ్లీ ఇక్కడికే వస్తారన్నది ఆయన మాట. మనకు పచ్చడి మెతుకులంటే ఎంత దగ్గరి సంగతో, ఆ తరం ఒసాకా వాళ్లకు ఈ సాస్ అన్నం అంత. వచ్చే ముప్ఫై ఏళ్ల ప్రయాణికుణ్ని ఈరోజే సంపాదించుకోవడం అన్నది ఈ కంపెనీకి ఇళ్లలోనూ, భోజనంలోనూ ఒక్కటే.

టోక్యోలోని తోక్యూ వంటి కంపెనీలు ఈ దారినే అనుసరించాయి. తోట నగరాల కంపెనీ ఒకటి అక్కడ తడబడుతుంటే కొబయాషి సలహాలిచ్చాడు. రైలు పనికి, తర్వాత తోక్యూను పెంచిన గోతో కెయ్‌తాను సూచించింది ఆయనే. ఆ తర్వాత కొబయాషి 1940లో వాణిజ్య మంత్రిగా కూడా పని చేశాడు, 1957లో కన్నుమూశాడు.

యుద్ధకాలంలో ప్రభుత్వ విధానం వల్ల 1943 అక్టోబరులో హాంక్యూ, ఒసాకా–క్యోటో మధ్య రైళ్లు నడిపే కెయ్‌హాన్ కంపెనీలు కలిసిపోయాయి. 1949 డిసెంబరులో మళ్లీ విడిపోయినప్పుడు, కెయ్‌హాన్ వర్గం 1928లో కట్టిన వేగవంతమైన క్యోటో లైను మాత్రం హాంక్యూ దగ్గరే ఉండిపోయింది. అంటే ఈ రోజు మీరు చూసే హాంక్యూలో రెండు వేర్వేరు వంశాలున్నాయి. క్యోటో వైపు మొదటి నుంచీ 1,500 వోల్టుల కరెంటు, పెద్ద బళ్లు. కోబే, తకరజుకా వైపు 600 వోల్టులు, చిన్న బళ్లు. కోబే లైనును 1967లో, తకరజుకా లైనును 1969లో 1,500 వోల్టులకు మార్చారు. రంగు మాత్రం అన్నిటికీ ఒక్కటే, నల్లద్రాక్ష పండులాంటి ముదురు మెరూన్. లోపల చెక్క నగిషీ గోడలు, ఆకుపచ్చ మెత్తటి సీట్లు. స్టీలు బళ్లు, రంగుల చారలు అన్ని కంపెనీలకూ వచ్చినా హాంక్యూ తన రంగు వదలలేదు. దీన్ని నేను అలంకారం అనుకోను. నలభై ఏళ్లు ఒకే లైనులో ఇల్లు కట్టుకుని ఉండేవాడికి తన బండి తనదిలా కనిపించాలి.

నడిపే తీరు చూడాలంటే ఉమెదాకు వెళ్లాలి. 1966 నుంచి 1973 దాకా దశలవారీగా ఉత్తరానికి జరిపి కట్టిన ఈ చివరి స్టేషన్‌లో తొమ్మిది పట్టాలు, పది ప్లాట్‌ఫారాలు పక్కపక్కనే ఉంటాయి: ఒకటి నుంచి మూడు క్యోటోకు, నాలుగు నుంచి ఆరు తకరజుకాకు, ఏడు నుంచి తొమ్మిది కోబేకు. ప్రతి పట్టాకూ రెండు వైపులా ప్లాట్‌ఫారం ఉంటుంది. వచ్చిన బండి ఒక వైపు తలుపులు ముందు తెరిచి జనాన్ని దింపుతుంది, ఆ తర్వాత రెండో వైపు తెరిచి వరుసలో నిలబడ్డవాళ్లను ఎక్కించుకుంటుంది. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకరికొకరు అడ్డం రారు. ఆరు నిమిషాలు, ఏడు నిమిషాల్లో బండి మళ్లీ బయలుదేరగలుగుతోందంటే సగం కారణం ఈ తలుపుల క్రమమే. పగటిపూట పది నిమిషాలకొకసారి మూడు లైన్ల వేగ బళ్లు ఒకే క్షణంలో కదులుతాయి. 1959లో క్యోటో లైనుకు విడిగా పట్టాలు వేసినప్పటి నుంచి ఉమెదా, జూసో స్టేషన్ల మధ్య రెండున్నర కిలోమీటర్ల లోపు దూరంలో ఆరు పట్టాలున్నాయి, వాటి మీద మూడు మెరూన్ బళ్లు పక్కపక్కనే యోదో నది దాటుతాయి. జూసో దాటాక ఒకటి పడమటికి, ఒకటి ఉత్తరానికి, ఒకటి తూర్పుకు విడిపోతుంది. నా పని దృష్టితో చూస్తే, ఒకే క్షణంలో మూడు బళ్లు బయలుదేరడం చూపరుల కోసం చేసింది కాదు. ఏ లైనుకు ఆ లైను పట్టాలు వేరు కాబట్టి ఒకదాని ఆలస్యం ఇంకొకదానికి అంటదు; జూసోలో మారేవాళ్లకు మూడు లైన్లూ ఒకే వేళకు అందుతాయి.

ఇంకో సంగతి ఈ రంగంలో ఉన్నవాళ్లందరూ గుర్తుపెట్టుకునేది. ఒసాకా ఉత్తరాన సెన్రి అనే కొత్త పట్టణం 1960లలో పెరుగుతుంటే, గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క టికెట్టూ కత్తిరించే సిబ్బందితో ఆ రద్దీని తట్టుకోవడం అసాధ్యమని తేలింది. ఇప్పుడు ఓమ్రాన్ అని పిలిచే తతెయిషి కంపెనీతో కలిసి, 1967 మార్చిలో కొత్తగా తెరిచిన కితా సెన్రి స్టేషన్‌లో హాంక్యూ స్వయంచాలక గేట్లు పెట్టింది. మొదట్లో సీజన్ టికెట్టుకు రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల అమరికను యంత్రం చదివేలా చేశారు. ఆ యంత్రం చదివే వేగం మనిషి నడక వేగానికి సరిపోవాలి, టికెట్టును ఏ వైపు తిప్పి పెట్టినా అర్థం చేసుకోవాలి. ఇవాళ జపాన్‌లో కార్డు తాకించి ఆగకుండా నడిచిపోయే గేట్లకు పెద్దలు ఆ గేట్లు. 2004 ఆగస్టులో మొదలైన పిటాపా కార్డు ఇంకో అడుగు ముందుకు వేసింది; ముందుగా డబ్బు నింపక్కర్లేదు, నెల తిరిగాక బ్యాంకు ఖాతాలోంచి చెల్లింపు జరుగుతుంది.

1995 జనవరి 17 తెల్లవారుజామున వచ్చిన భూకంపం ఈ కంపెనీని నేలకు కొట్టింది. ఇతామి స్టేషన్ బండితో సహా కూలిపోయింది, కోబేలోని సన్నోమియా స్టేషన్ భవనం పాడైంది, నిషినోమియా దగ్గర వంతెన మార్గం విరిగిపడింది. ముక్కలు ముక్కలుగా బాగుచేసుకుంటూ 146 రోజుల తర్వాత, జూన్ 12న, కోబే లైను మొత్తం మళ్లీ నడిచింది. ప్రభుత్వ వారసత్వం ఉన్న జేఆర్ ఏప్రిల్ 1కే తన లైను తెరిచేసింది. ఆ రెండున్నర నెలల్లో జేఆర్ వైపు అలవాటుపడిన ప్రయాణికుల్లో చాలామంది తిరిగి రాలేదని ఇక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. ఒసాకా, కోబే మధ్య మూడు కంపెనీల పోటీ అంత తీవ్రం. జేఆర్ వేగ బండి ఇరవై నిమిషాల పైచిలుకులో చేరుస్తుంది, హాంక్యూకు సుమారు 27 నిమిషాలు పడుతుంది, టికెట్టు మాత్రం 330 యెన్లే, జేఆర్ కంటే తక్కువ. ఛార్జీల గరిష్ఠ పరిమితికి ప్రభుత్వ ఆమోదం కావాలి. లిఫ్టులు, ప్లాట్‌ఫారం తలుపుల ఖర్చు కోసం 2023 ఏప్రిల్‌లో కలిపిన పది యెన్లకు కూడా నిబంధనలున్నాయి. కాబట్టి ఛార్జీ పెంచి బతికే దారి లేదు. రైలు పనిలో నష్టం లేకుండా నిలబడి, రైలు తెచ్చే జనం మీద మిగతా వ్యాపారాలు లాభపడాలి.

వదులుకోవడం కూడా తెలిసిన కంపెనీ ఇది. తన సొంత బేస్‌బాల్ జట్టును 1988లో అమ్మేసింది, తకరజుకా వినోద ఉద్యానవనాన్ని 2003లో మూసేసింది. 2006లో ఒక పెట్టుబడి నిధి హాన్షిన్ వాటాలను పెద్దఎత్తున కొని ఆ కంపెనీని ఆక్రమించే పరిస్థితి వచ్చినప్పుడు, వందేళ్ల ప్రత్యర్థి అయిన హాంక్యూయే ముందుకొచ్చి దాన్ని తన గొడుగు కిందికి తెచ్చుకుంది. ఈ రోజు మాతృసంస్థ పేరు హాంక్యూ హాన్షిన్ హోల్డింగ్స్. బళ్లు, టికెట్లు, ఉద్యోగుల సంస్కృతి మాత్రం రెండూ విడివిడిగానే ఉన్నాయి.

ఇక హైదరాబాద్ సంగతి. 2017 నవంబరులో మొదలైన మెట్రోకి స్టేషన్లు, డిపోల దగ్గర సుమారు 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణానికి అవకాశం ఇచ్చారు కాబట్టి, పైకి చూస్తే రెండూ ఒకే పద్ధతిలా కనిపిస్తాయి. నా అభిప్రాయంలో తేడా కాలక్రమంలో ఉంది. మియాపూర్, ఎల్బీనగర్, హైటెక్ సిటీ మెట్రో రాకముందే నిండిపోయిన ప్రాంతాలు. మెట్రో వస్తుందన్న మాట వినిపించగానే చుట్టుపక్కల పెరిగిన భూమి ధర ఆ భూముల యజమానులకు వెళ్లింది, రైలుకు కాదు. మెట్రోకి దక్కినవి కొద్దిపాటి స్థలాలు, అవి కూడా కొంతకాలపు హక్కు మీద. వాటిలో కట్టిన మాల్స్ పక్క వీధి మాల్స్‌తో పోటీ పడాలి. హాంక్యూ భూమిని గజాల చొప్పున అమ్ముకున్నా, అమ్మిన ప్రతి ఇంటి మనిషినీ తరతరాలుగా తన బండిలోనే తిప్పుకుంది. కట్టినవాడూ, నడిపినవాడూ, భూమి అమ్మినవాడూ, కూర అన్నం వడ్డించినవాడూ ఒక్కడే కావడంతో ఒక చోట పోయింది ఇంకో చోట వచ్చేది. నగరం వెలుపల ఇంకా పొలాలున్న దిక్కుకు వేయబోయే లైన్లలో, భూసేకరణ రోజునే స్టేషన్ చుట్టూ నేల లైను నడిపే సంస్థ చేతికి వచ్చేలా చేస్తే, అక్కడ ఈ పోలికకు అర్థం ఉంటుంది. నిండిన నగరంలో మెట్రోకి మాత్రం ఛార్జీలతోపాటు ప్రభుత్వ సాయమూ తప్పదు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీరు ఒసాకా వచ్చాక ఒక పూట ఖాళీ చేసుకుని ఇలా వెళ్లండి. పగటివేళ ఉమెదాలో నాలుగు నుంచి ఆరు నంబర్ల ప్లాట్‌ఫారాల్లో ఒకదాని నుంచి తకరజుకా ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. మూడు జతల పట్టాల్లో అది మధ్యది కాబట్టి, నది మీదికి వచ్చేసరికి ఎడమ కిటికీలో కోబే బండి, కుడి కిటికీలో క్యోటో బండి మీతోపాటే పరుగెడుతూ కనిపిస్తాయి. అరగంట లోపే ఇకెదాలో దిగుతారు. స్టేషన్ పడమటి వైపు కొన్ని అడుగులు వేస్తే మురోమాచి వీధులు మొదలవుతాయి. 1910 నాటి చెక్క ఇళ్లు చాలావరకు పోయి కొత్తవి వచ్చాయి. గీత గీసినట్టున్న వీధుల అమరిక మాత్రం అలాగే ఉంది, మధ్యలో కురెహా గుడి కూడా ఉంది. పొద్దున ఏడున్నరకు వెళ్లగలిగితే, ఆ వీధుల్లోంచి సంచులు పట్టుకుని స్టేషన్ వైపు నడిచివచ్చే జనాన్ని కూడా చూడవచ్చు.